ఇరవైకి పంతొమ్మిది వచ్చిన ఎస్సే

మంచు 31

కానీ ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు అర్థం కానిది.

నిన్న ఇక్కడిదాకా రాశాక బట్టలారబెట్టే డ్రయర్ ఆగిపోయింది. చప్పుడు లేకపోతే పెన్ను గీసే శబ్దం కూడా అట్లాస్‌కి వినిపిస్తుందేమో అని ఆపేశాను. ఇవాళ, అంటే సముద్రం గడ్డకట్టిన ముప్పై ఒకటో రోజున, దుప్పట్లు వేశాను, నలభై నిమిషాలు తిరుగుతాయి. మళ్ళీ మొదట్నించి రాస్తాను, లేకపోతే నాకే కలగాపులగం అయిపోతోంది.

నిన్న ఊరి హాల్లో గోడ మీది మ్యాప్‌లో కొత్త చుక్క వచ్చింది. నీలం చుక్క. నీలం అంటే చలికాలం మొత్తం గడ్డకట్టని నీళ్ళు. పెద్దవాళ్ళు పదకొండు మంది వచ్చారు, రోజూలాగే, మంచు మీద నడిచే స్లెడ్ బండి తీసేముందు మంచు ఎక్కడ గట్టిగా ఉందో చూసుకోడానికి. చుక్క చూశారు. టీ తాగారు. కప్పులు కడిగి బోర్లించారు. వెళ్ళిపోయారు.

అమ్మ మాత్రం నా భుజం పట్టి ఊపేసింది. "చూశావా కేతూ? జేపీటీ చివరికి మనల్ని నమ్మాడు!"

జేపీటీ అంటే అమ్మని సముద్రం మంచు మీద తిప్పే వేటగాడు. అమ్మ మంచు సైంటిస్టు. పైనించి భూమిని చూసే శాటిలైట్లన్నీ అమ్మ కాలేజీలో ఉన్నప్పుడే సౌర తుఫానులో మాడిపోయాయి. కాబట్టి ఇప్పుడు మంచు గురించి తెలియాలంటే అక్కడ తిరిగే మనుషుల్నే అడగాలి. అందుకే యూనివర్సిటీ వాళ్ళూ ఉత్తర ధ్రువం దగ్గరి ఈ కంగిక్ ఊరి ఇన్యూట్ వాళ్ళూ కలిసి పని చేస్తామని ఒప్పందం రాసుకున్నారు, అందుకే మేం ఇక్కడున్నాం. ఎనిమిది నెలలైంది. ఎవరేం చెప్పినా, ఏం రాసినా అట్లాస్ అనే కంప్యూటర్ విని, చదివి మ్యాప్‌లో పెడుతుంది. మా ఇంట్లో కూడా. అమ్మ సంతకం పెట్టింది, ఇద్దరి తరఫునా.

ఈ డ్రయర్ గదిలో మాత్రం కెమెరా లేదు. కాగితాలేమో అమ్మ ప్రింట్ చేయించిన అంగీకార పత్రాలు, నాలుగొందలు మిగిలిపోయాయి. వెనకవైపు ఖాళీ. తెలుగులో రాస్తున్నా, ఎందుకంటే నాకు తెలుగు రాయడం రాదనే అమ్మ అనుకుంటోంది, కంటబడినా నావనుకోదు. స్కూల్లో అంతా ఇంగ్లీషే. అమ్మమ్మ పాత ఉత్తరాలు చూసి నేర్చుకున్నా. ఒత్తులు ఇప్పటికీ డౌటే.

మంచు 32

టీకి ఐస్ తేవడం నా పని. ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇరుక్కుపోయిన పాత మంచుకొండ ముక్క ఒకటుంది, దాన్ని గునపంతో కొట్టాలి. దాని నీళ్ళతో పెట్టిన టీ తప్ప ఇక్కడెవరూ తాగరు. లీటియా కూడా వచ్చింది. జేపీటీ కూతురు, నా వయసే.

"తాతా, గునపం అలా పట్టుకుంటే నీ కాలే ఎగిరిపోతుంది. చచ్చిపోయేసరికి అన్నీ మర్చిపోయావా?"

నన్నే అంటోంది. లీటియా వాళ్ళ నానమ్మ ఊలూసీ నాకు చనిపోయిన తన భర్త పేరు పెట్టింది. నుటారా. ఇక్కడ పేరు ఇస్తే పేరుతోపాటు ఆ మనిషి కూడా వస్తాడు. కాబట్టి ఆడపిల్లనైనా లీటియాకి నేను తాతని. డెబ్భై ఏళ్ళ ఊలూసీ నన్ను "ముసలాడా, టోపీ పెట్టుకో" అంటుంది. నేను కూడా "ముసలిదానా" అనాలిట. నా నోటికి "అండీ" తప్ప రాదు, వాళ్ళు పడీపడీ నవ్వుతారు. నలభై ఐదేళ్ళ జేపీటీ ఒకసారి హాల్లో లేచి నిలబడి "నాన్నా, నువ్వు కూర్చో" అన్నాడు. నాకు అదొక్కటే వింతగా అనిపించలేదు, అమ్మ ముద్దొస్తే నన్ను నాన్నా అనే అంటుంది కదా.

ఐస్ సంచిలో నింపుతూ, "హాల్లో చుక్క చూశావా?" అని అడిగాను.

"గాలి మారేట్టుంది," అంది లీటియా.

గాలే లేదు. ఒక్క వెంట్రుక కూడా కదలట్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సముద్రం గడ్డకట్టిన పంతొమ్మిదో రోజున ఊలూసీ నన్ను స్లెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుంది. "పద ముసలాడా, నీ చోటు నువ్వే మర్చిపోతే ఎలా?" అంది. చాలా దూరం వెళ్ళాం. ఎటు వెళ్ళామో ఇక్కడ రాయను. తెల్లటి మంచు మధ్యలో నల్లటి నీళ్ళు, ఆవిరి కక్కుతూ. వందల బాతులు. సీల్ తలలు పైకి లేచి మమ్మల్ని చూసి మళ్ళీ మునిగాయి. ఊలూసీ సంచిలోంచి ఎండుచేప ముక్క తీసి నీళ్ళలో వేసింది.

ఇలాంటి నీళ్ళే పాత ఊరి దగ్గర ఉండేవిట. మూడు చలికాలాల కిందట వేరే రీసెర్చ్ వాళ్ళ మ్యాప్‌లో పడ్డాయి. వెంటనే కూలింగ్ ఓడలు వచ్చాయి. ఓడ నిండా కంప్యూటర్లు, చల్లటి నీళ్ళు లాక్కుని వేడి నీళ్ళు పోస్తాయి. చుట్టూ ఒక రోజు ప్రయాణం దూరం మంచు లోపల్నించి కుళ్ళిపోయింది, పైకి మాత్రం గట్టిగానే కనిపించింది. నుటారా అందులోనే పడిపోయాడు. ఊరు ఊరంతా లేచి ఇక్కడికొచ్చింది.

"ఇది మాత్రం ఎవరి నోట్లోంచీ రాకూడదు," అంది ఊలూసీ.

నేను కనుబొమలు ఎగరేశాను. ఇక్కడ అలా చేస్తే సరే అని.

నేను ఎవరికీ చెప్పలేదు. ఒట్టు. లీటియాకి కూడా. అమ్మకి కూడా. మరి చుక్క ఎలా వచ్చింది?

మంచు 34

తెలిసిపోయింది. గబగబా రాస్తున్నా, ఒత్తులు ఎలా ఉన్నా సరే.

స్లెడ్ బ్యాటరీలు చార్జింగ్‌కి పెట్టడానికి హాలుకెళ్ళాను. ఎవరూ లేరు. చుక్క మీద వేలు పెడితే అది ఎక్కణ్ణించి వచ్చిందో చూపిస్తుంది. పెట్టాను.

"మూలం: గృహ రచన. ఇంగ్లీషు కాంపోజిషన్. మైనర్-1."

మైనర్-1 నేనే. మైనర్-2 లేరు.

నా స్కూల్ ఎస్సే. చలికాలంలో ఒక ప్రయాణం, ఆరొందల పదాలు. ఊరి పేరు రాయలేదు, ఊలూసీ పేరు రాయలేదు, చోటు పేరు అసలు నాకే తెలీదు. కానీ గాలి ఏ చెంపకి తగిలిందో రాశాను. నాలుకల్లా గట్టిపడిన మంచు దిబ్బల్ని ఏటవాలుగా దాటామని రాశాను. రెండు తలల కొండ ఎక్కడినించి చూస్తే ఒకే తలలా కనిపించిందో రాశాను. దారిలో ఆవిడ ఎన్ని పాటలు పాడిందో కూడా రాశాను. ఆ రోజు గాలి ఎటో అట్లాస్‌కి తెలుసు. స్లెడ్ ఎంత చార్జి తాగిందో తెలుసు. కలిపి లెక్క కట్టేసింది.

ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. టీచర్ కింద రాసింది: కళ్ళకి కట్టినట్టుంది, ఒక మార్కు పేరాల విభజనకి తగ్గించాను.

నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అది నిజం. రాస్తే చెప్పినట్టేనా? మా స్కూల్లో డీటెయిల్స్ లేకపోతే మార్కులు రావు. నాకు చిన్నప్పట్నించి నేర్పింది అదొక్కటే. బాగా చూడు, చూసింది రాయి. ఇక్కడేమో చూసింది నీలోనే ఉంచుకోవాలి.

ఊరివాళ్ళు ఆ చుక్క జోలికే పోరు, కానీ అమ్మ ఒక్కసారి నొక్కి చూస్తే అయిపోయేది. నొక్కలేదు. ఎందుకు నొక్కుతుంది, జేపీటీ ఇచ్చాడని తనకి ముందే తెలుసు కదా.

మంచు 35

ఇవాళ మీటింగ్. గొడవ ఇంకా పెద్దదైపోయింది.

ముందు పదిరోజుల రూల్ గురించి. మ్యాప్ బయటికి, అంటే యూనివర్సిటీకి, వెళ్ళాలంటే రెండు తాళాలు తిప్పాలి. ఒకటి అమ్మది, రెండోది ఊరి తరఫున జేపీటీది. అమ్మది ముప్పై ఒకటో రోజునే తిప్పేసింది. రెండో తాళం పది రోజులు పలక్కపోతే, ఒప్పుకున్నట్టే. మ్యాప్ దానంతట అదే వెళ్ళిపోతుంది. ఒప్పందంలో పదిహేడో పేజీలో ఉంది, ఇద్దరూ సంతకాలు పెట్టారు.

"వద్దంటే వద్దనొచ్చుగా. ఎవరు ఆపారు?" అంటుంది అమ్మ.

కానీ ఇక్కడ మొహం మీద వద్దనరు. వద్దనిపిస్తే మాట్లాడడం మానేస్తారు. నాకే ఇది తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. పైగా ఇంకో చిక్కు. ఫలానా చుక్క వద్దు అంటే, అక్కడ నిజంగా నీళ్ళున్నట్టు వాళ్ళే ఒప్పుకున్నట్టు అవుతుంది. కాబట్టి ఊరు మొత్తం నోరు మూసుకుని కూర్చుంది. గడువు నలభై ఒకటో రోజు.

హాల్లో గంటన్నర ఏవేవో మాట్లాడారు. ఎవరికో పన్ను నొప్పి. ఎవరి కుక్కో ఆరు పిల్లల్ని పెట్టింది. చివరికి ఒక పెద్దాయన గోడవైపు చూడకుండా, "ఆ నీలం చుక్క బాగుంది. ఎవరు చెప్పారో," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

అమ్మ లేచి నిలబడింది.

"ఇది పూర్తిగా జేపీటీ గారి గొప్పతనం," అంది అమ్మ. "అందరి ముందూ థాంక్స్ చెప్పుకోవాలి. మా రీసెర్చ్ పేపర్లో మొదటి పేరు ఆయనదే. నా పేరు తర్వాతే."

అమ్మ దృష్టిలో ఒక మనిషికి అంతకంటే ఇవ్వగలిగింది లేదు. వాళ్ళ లోకంలో మొదటి పేరు కోసం కొట్టుకు చస్తారు.

జేపీటీ తన గ్లవ్ కుట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. "జేపీటీకి పేరొచ్చింది," అని పెద్దాయన ఒక్కడే నవ్వాడు.

ఇంటికొస్తూ అమ్మ అంది, "ఎంత మర్యాదస్తుడో చూడు. పొగిడితే తల కూడా ఎత్తలేదు."

నేను నా బూట్లు చూసుకుంటూ నడిచాను.

మంచు 37

లీటియా రెండు రోజులుగా కనిపించలేదు. ఇవాళ కో-ఆప్ షాపులో పిండి బస్తా కోసం వెళ్తే అక్కడుంది. తాతా అనలేదు.

నేనే దగ్గరికెళ్ళి, "ఏమైంది?" అన్నాను.

"మా నాన్న ఓడలవాళ్ళకి దారి చూపించాడంట."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఎవరూ మా నాన్నతో రావట్లేదు, అంతే. నిన్న పొద్దున ఒక్కడే వెళ్ళాడు."

ఇక్కడ మంచు మీదికి ఒక స్లెడ్ ఎప్పుడూ వెళ్ళదు. రెండుండాలి. ఒకటి దిగబడితే రెండోది లాగాలి కదా.

"మీ నానమ్మ ఏమంటోంది?"

"తనే ఎవరికో చూపించానని అందరికీ చెప్పింది. కొడుకుని వెనకేసుకొస్తోంది అనుకున్నారు." లీటియా నావైపు చూసింది. ఏదో అడగబోతోంది అనుకున్నా. "నీ బస్తా కారుతోంది," అంది.

నిజంగానే కారుతోంది. షాపు నించి ఇంట్లో ఈ డ్రయర్ గదిదాకా తెల్లటి గీత. వెనక్కి తిరిగి చూసుకుంటే నా దారి మొత్తం కనిపిస్తోంది.

మంచు 38

ఊలూసీ దగ్గరికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

నేల మీద అట్ట పరుచుకుని సీల్ చర్మం గీకుతోంది, అర్ధచంద్రంలా ఉండే కత్తితో. నాకూ ఒకటిచ్చింది. కూర్చున్నాను. గీకుతుంటే కొవ్వు పెరుగుమీద మీగడలా లేచొస్తుంది. చాలాసేపు గీకాం.

"జేపీటీ గారు వచ్చారాండీ?"

ముక్కు ముడిచింది. అంటే లేదని.

"నేను... మీరు నన్ను ఆ రోజు..."

"మెల్లిగా. చర్మం తెగుతుంది."

"మీరు నన్ను ఏమీ అడగరా?"

కత్తి ఆపింది. "ముసలాడా, నలభై ఐదేళ్ళు నీతో కాపురం చేశాను. ఒక్కసారైనా నిన్ను నిలబెట్టి అడిగానా? చెప్పాలనుకున్నప్పుడు నువ్వే చెప్పేవాడివి. ఒక్కోసారి రెండేళ్ళు పట్టేది."

రెండేళ్ళు లేవు. మూడు రోజులున్నాయి.

చెప్తే ఏమవుతుంది? జేపీటీ తప్పు లేదని తెలుస్తుంది. కానీ ఎస్సే నిజమని తేలిపోతుంది, చుక్క ఇంకా గట్టిపడుతుంది, ఓడలు వస్తాయి. చెప్పకపోతే? జేపీటీ ఒక్కడే తిరుగుతాడు, పది రోజులూ అయిపోతాయి, అప్పుడూ ఓడలు వస్తాయి. ఎటు చూసినా ఓడలే. ఊలూసీ ఇదంతా తెలిసే అడగట్లేదా, లేక అసలు తెలీదా, లేక ఇదే అడగడమా? ఆవిడ మొహంలో ఏమీ కనిపించదు. లేచేటప్పుడు నా చేతికి ఎండుచేప పొట్లం పెట్టింది. అది కోపమో కాదో కూడా నాకు తెలీలేదు.

మంచు 39

జేపీటీ ఇంకా రాలేదు. అమ్మని అడిగాను, అన్నం తింటున్నప్పుడు, మామూలుగా అడిగినట్టు.

"అమ్మా, మ్యాప్‌లోంచి ఒక చుక్క తీసేయొచ్చా?"

"ఏ చుక్క?"

"ఏదో ఒకటి. ఊరికే."

చెంచా కింద పెట్టింది. "డేటా తీసేయడం అంటే ఏంటో తెలుసా నాన్నా? దొంగతనం కంటే ఘోరం. ఆ ఒక్క చుక్క కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాను. ఈ ఏడు కొత్తది ఏమీ దొరక్కపోతే ప్రాజెక్ట్ మూసేస్తారు. మళ్ళీ నూజివీడు బ్లాక్, ఆరో అంతస్తు, ఇద్దరికీ ఒకే మంచం. వెళ్దామా?"

బందరు నీళ్ళలో కలిసిపోయాక మాకిచ్చిన గది అది. కిటికీ తీస్తే ఎదుటి గోడ చేతికి తగిలేది.

"కాదు. ఊరికే అడిగా."

"ఊరికే అడిగే పిల్లవి కాదు నువ్వు." కాసేపు నన్నే చూసింది. గోడ మీద అట్లాస్ దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది, వింటోంది. "అయినా మూలమే అబద్ధమని తేలితే తప్ప చుక్క పోదులే. చెప్పినవాళ్ళే వచ్చి నేను కల్పించి చెప్పాను అనాలి. అలా ఎవరంటారు? పరువు పోదూ? చారు పోసుకో."

చారు పోసుకున్నాను. చేతి మీద పోసుకున్నాను. ఆలస్యంగా కాలింది.

మంచు 40

మధ్యాహ్నం ఊరి రేడియోలో ఎవరైనా ఫోన్ చేసి ఏదైనా చెప్పుకోవచ్చు. ఎవరి కుక్క తప్పిపోయింది, ఎవరి పుట్టినరోజు, ఎవరు ఎవరికి సారీ. ప్రతి ఇంట్లో, ప్రతి స్లెడ్ మీదా మోగుతుంది. అమ్మకి అది సరదా, హాల్లో పని చేస్తూ పెట్టుకుంటుంది.

నేను ఇంటినించే చేశాను. ముందు ఒకాయన తన డబ్బా ఎవరు తీసుకెళ్ళినా పరవాలేదు గానీ మూత ఇచ్చేయమన్నాడు. తర్వాత నేను.

నా పేరు చెప్పాను. కేతకి అని చెప్పాను, నుటారా అని కాదు. ఆ పేరుతో అబద్ధం చెప్పడం నాకు నచ్చలేదు. ఇంగ్లీషులో చెప్పాను.

"హాల్లో నీలం చుక్క నా స్కూల్ ఎస్సే లోంచి వచ్చింది. జేపీటీ గారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. నన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. అదంతా నేను కల్పించాను. మార్కుల కోసం. అక్కడ నీళ్ళు లేవు. సారీ."

రేడియో అమ్మాయి, "థాంక్యూ. తర్వాత ఎవరు?" అంది. ఎవరో మనవడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు.

ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలుసు, అక్కడ నీళ్ళున్నాయని. కాబట్టి నేను అబద్ధం చెప్పానని ఊరు మొత్తానికి తెలుసు. తెలీనిది అమ్మ ఒక్కదానికే.

పావుగంటలో అమ్మ వచ్చింది. పార్కా కోటు జిప్ కూడా పెట్టుకోకుండా, మైనస్ ముప్పైలో.

"నిజమేనా?"

"ఊఁ."

"కేతూ, నా మొహం చూసి చెప్పు. నువ్వు కథ అల్లావా? నువ్వా?"

అమ్మకి తెలుసు, నేను చిన్నప్పుడు కూడా ఒక్క అబద్ధపు కథ చెప్పలేదు. నిద్ర రాకపోతే బస్సు రూట్లు అప్పజెప్పేదాన్ని.

"అల్లాను," అన్నాను, అట్లాస్ దీపం వైపు చూస్తూ. "అంతా నేనే అల్లాను."

అమ్మ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. బూట్లకున్న మంచు కరిగి నేలంతా నీళ్ళు. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మంచు 41

చుక్క పోయింది. ఆ చోట తెల్లగా ఉంది. అమ్మే తీసేసింది, పక్కన కారణం టైప్ చేసింది: మైనర్ కల్పన.

పొద్దున పదింటికి జేపీటీ వచ్చాడు, రెండు సీల్‌లతో. రేడియో విన్నాక ఇద్దరు స్లెడ్‌లు వేసుకుని ఎదురెళ్ళారట. కో-ఆప్ ముందరే మంచు మీద కోసి పంచారు. అందరూ నవ్వుతూ, కత్తులు అందించుకుంటూ. నేను కిటికీలోంచి చూశాను, బయటికి వెళ్ళడానికి భయమేసింది.

కాసేపటికి లీటియా తిన్నగా లోపలికొచ్చి బల్ల మీద గిన్నె పెట్టింది. లివర్, ఇంకా ఆవిరి వస్తోంది. నాకు తెలుసు అది ఎవరికిస్తారో. వేటగాడి నాన్నకి.

"ఇది ఎవరికి?" అంది అమ్మ.

లీటియా గడ్డంతో నన్ను చూపించింది. నాకొక్క మాట చెప్పకుండా, అమ్మని టీ కూడా అడక్కుండా వెళ్ళిపోయింది.

అమ్మ గిన్నె వైపు చూసింది. చాలాసేపు. లేని నీళ్ళ గురించి అబద్ధం రాసి, వాళ్ళ మనిషి మీద నింద పడేలా చేసిన పిల్లకి లివర్ ఎందుకు పంపిస్తారు? అమ్మ సైంటిస్టు. లెక్క కుదరకపోతే వదలదు. గిన్నె నించి కళ్ళెత్తి నన్ను చూసింది, మళ్ళీ గిన్నెని. నోరు తెరిచింది. గోడ మీద దీపం చూసింది. నోరు మూసుకుంది.

అప్పట్నించి ఏమీ మాట్లాడలేదు. అన్నం పెట్టింది, దుప్పటి కప్పింది, మాట మాత్రం లేదు. అమ్మ మాట్లాడకపోతే ఏంటో నాకెప్పుడూ తెలీదు, ఎందుకంటే అమ్మ ఎప్పుడూ మాట్లాడుతుంది. పదిహేడో పేజీ ప్రకారమైతే ఒప్పుకున్నట్టు. ఊరి ప్రకారమైతే వద్దన్నట్టు. మా అమ్మ ఏ ప్రకారం?

మంచు 43

నిన్న రాయలేదు. ఇవాళ విమానం దిగింది. యూనివర్సిటీ నించి ఇద్దరు, ఒకావిడ, ఒకాయన. చుక్క పెట్టి మళ్ళీ తీసేశారు కదా, ఏది నిజమో తేల్చడానికి. పొద్దున వాళ్ళు మంచు మీదికి తీసుకెళ్ళమని అడిగారట. జేపీటీ స్లెడ్ పాడైంది. పెద్దాయన స్లెడ్ పాడైంది. ఒకే రోజున ఊళ్ళో ఇరవై రెండు స్లెడ్లూ పాడయ్యాయి.

ఈ కాగితాలు కాల్చేయాలి. నాకు తెలుసు. అక్కడ నీళ్ళు నిజంగానే ఉన్నాయని రాసి ఉన్నది ఇప్పుడు ప్రపంచం మొత్తంలో ఇక్కడొక్కచోటే. ఎస్సే తర్వాత మళ్ళీ అదే తప్పు చేస్తున్నా, అదీ తెలుసు. కానీ రాయకపోతే నేను చెప్పిన అబద్ధమే నాకు నిజమైపోయేలా ఉంది. నిన్న కాసేపు నిజంగానే అనిపించింది, నేనే కల్పించానేమో అని. ఆ బాతులు, ఆ ఆవిరి.

వాళ్ళు ముందు గదిలో ఉన్నారు. డ్రయర్ చప్పుడులోంచి మాటలు ముక్కలుముక్కలుగా వినిపిస్తున్నాయి. ఆయన అడిగాడు, మీ అమ్మాయి ఎస్సేలో గాలి దిశ అంత సరిగ్గా ఎలా కుదిరింది అని. చెవి తలుపుకి ఆనించాను.

అమ్మ నవ్వింది. రెండు రోజుల తర్వాత అమ్మ గొంతు.

"అది చిన్నప్పట్నించీ అంతేనండీ. కథలు అల్లడంలో దిట్ట. నిద్రపుచ్చాలంటే నేను కాదు, అదే నాకు కథలు చెప్పేది."

ఒక్క కథ కూడా చెప్పలేదు. ఒక్కటి కూడా. ఇంకో ప్రశ్న అడిగారు, అమ్మ ఇంకో కథ చెప్తోంది. నేను ఐదేళ్ళప్పుడు ఏనుగు గురించి ఏదో చెప్పానట. చాలా బాగా చెప్తోంది. చేతులు తిప్పుతూ చెప్తోందేమో కూడా. అమ్మకి అబద్ధం ఇంత బాగా వస్తుందని నాకు తెలీదు. ఆ చుక్క, ఆ పేపర్, ఈ ఊరు, అన్నీ వదిలేసుకుంటూ అలా నవ్వుతూ ఎలా చెప్తోంది? నా కోసమా, నీళ్ళ కోసమా? అడగలేను. ఎప్పటికీ అడగకూడదేమో.

అడుగుల చప్పుడు. ఇటే.

తలుపు కొడుతున్నారు. ఈ ఊళ్ళో తలుపు ఎవరూ కొట్టరు, తోసుకుని వచ్చి కూర్చుంటారు, అమ్మ కూడా కొట్టడం మానేసింది. మూడుసార్లు మెల్లిగా కొట్టి ఆగారు. ఆవిడ గొంతు. లోపలికి రావచ్చా కేతకీ అంటోంది. నువ్వు సరే అంటేనే మాట్లాడతాం అంటోంది. ఇన్ని నెలల్లో నన్ను ఎవరైనా అలా అడగడం ఇదే మొదటిసారి, ఇప్పుడే అడగాలా, నేనేం చెప్పాలో

ఈ కాగితాలు పిండి బస్తాలోకి, అడుక్కి, చేయి మోచేతిదాకా